తోక వదిలేసిన లెక్క

పేర్రాజు నవ్వు వెనకబడిందని సువర్చల మొదటిసారి గమనించింది కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్న, పెసరట్ల దగ్గర. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు కృత్తిక, తమ సైన్సు మేష్టారు కుర్చీలోంచి జారిపడ్డ వైనం అభినయించి మరీ చూపించింది. సువర్చల నవ్వింది. కృత్తిక తన హాస్యానికి తనే విరగబడి నవ్వుకుంది. ఇద్దరి నవ్వులూ సద్దుమణిగి, పెనం మీద నూనె చిటపటలు తప్ప ఇంకేమీ వినబడనప్పుడు పేర్రాజు పకపకా నవ్వాడు.

"ఏంటి నాన్నా, ట్యూబులైటు అయిపోయావు!" అంది కృత్తిక.

అతను ఆ మాటకీ కాస్త ఆగి, "ఆఁ, పాతదైపోయిందమ్మా, స్టార్టరు మార్చాలి" అన్నాడు.

పిల్ల మళ్ళీ నవ్వింది. సువర్చల మాత్రం అట్లకాడ పట్టుకుని మొగుడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆమె తండ్రి సామర్లకోట స్టేషన్లో ముప్ఫయ్యేళ్ళు టికెట్లు తనిఖీ చేసిన మనిషి. పిల్లలకి ఆస్తిపాస్తులేమీ ఇవ్వలేదు గానీ ఒక్క సూత్రం ఇచ్చిపోయాడు. టికెట్టున్నవాడు అడగ్గానే చూపిస్తాడు, లేనివాడు జేబులు తడుముకుంటాడు. ఆ సూత్రంతోనే సువర్చల పెళ్ళిచూపుల్లో ఇద్దర్ని తిరగ్గొట్టింది. మూడోవాడు పేర్రాజు. "సిగరెట్లు కాలుస్తారా?" అని ఈమె మాట పూర్తిచేసేలోపే "మానేసి ఏడాదైందండి" అని ఒప్పేసుకున్నాడు. ఆ తొందర చూసే ఆమె సరేనంది. అలాంటి మనిషి పదహారేళ్ళ కాపురం చేశాక ఇప్పుడు జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు.

"ఇంతసేపూ ఎక్కడికెళ్ళారు?"

కాస్త ఖాళీ. "కాలవగట్టు మీంచి నడిచొచ్చాను."

"బండేదీ?"

మళ్ళీ ఖాళీ. "మెకానిక్కు దగ్గరుందిలే."

మూడు వారాలుగా ఉంది. మూడు వారాలు మంచం దిగని రోగం మోటారు సైకిలుకేం వచ్చిందో చూద్దామని సువర్చల మెకానిక్కు సత్తిబాబు షెడ్డుకెళ్ళింది. బండి మూల నిలబెట్టి ఉంది, నిగనిగలాడుతూ.

"దానికేటండీ, లచ్చణంగా ఉంది. మీవారే ఇక్కడుంచమన్నారండి. ఇంట్లో చెప్పొద్దన్నా..." అని సత్తిబాబు నాలిక్కరుచుకుని, స్పానరు కోసం వెతకడం మొదలెట్టాడు. స్పానరు వాడి చేతిలోనే ఉంది.

ఇదొక్కటేనా! పేర్రాజు ఒకప్పుడు చెడుగుడులో పెద్దాపురం జట్టుకి పెట్టింది పేరు. నలభై నాలుగేళ్ళొచ్చినా ప్రతి ఆదివారం మైదానంలో దిగి కుర్రాళ్ళ చేతుల్లోంచి చేపలా జారిపోయేవాడు. ఇప్పుడు మోకాలు నొప్పని మానేశాడు. మోకాలు నొప్పి ఉన్నవాడు రోజూ నాలుగు కిలోమీటర్లు గట్టు మీద నడుస్తాడా? అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి సువర్చల రెండు పూటలా వడ్డిస్తూ వచ్చింది. అవతల ఎవరో ఉన్నారని ఒక రోజు, ఏదో జబ్బు దాస్తున్నాడని ఒక రోజు, రెండూ నిజమేనని మూడో రోజు అనుకునేది.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకే చోట పని. కాలవ పక్కన మూతబడ్డ రైసుమిల్లులో డాక్టరు చయనులు పదకొండేళ్ళ కిందట కట్టిన గది ఒకటుంది. దానికి ఆయన పెట్టిన పేరు బారెడుంటుంది. పనివాళ్ళు మాత్రం నిలవ గది అంటారు, ఆవకాయ నిలవున్నట్టే అందులో ఏదైనా నిలవుంటుంది కాబట్టి. దాని గోడల మధ్య కాలం నత్తనడక నడుస్తుంది. గది తయారైన రోజున పెట్టిన గ్లాసుడు పాలు ఇప్పటికీ గోరువెచ్చగానే ఉన్నాయి. అరుదైన రక్తం, రెండు రోజుల్లో పాడైపోయే మందులు చుట్టుపక్కల జిల్లాల నుంచి అక్కడికే వస్తాయి. మొన్న శ్రావణంలో రెండో గది కూడా తెరిచారు. అది ఇంకా నిదానం. చనిపోయినవాళ్ళు దానమిచ్చిన గుండెల్ని, వేరే ఒంట్లోకి చేరేదాకా అందులో ఉంచుతారు.

పెట్టాలన్నా తియ్యాలన్నా మనిషి లోపలికెళ్ళాల్సిందే. మరచేతులు గుమ్మం దాటగానే కొయ్యబారిపోతాయి. పోనీ మనుషులా అంటే, బతికున్న ఒళ్ళు కాసేపు మామూలుగానే కదుల్తుంది గానీ అక్కడి గాలి కూడా నిదానమే, పీల్చినా రొమ్ముదాకా రాదు. ఒక్క ఊపిరితో వెళ్ళి, అదే ఊపిరితో బయటపడాలి. ప్రయత్నించిన ఇద్దరు కుర్రాళ్ళు గుమ్మంలోనే కళ్ళు తేలేశారు. అప్పుడు చయనులుకి తోచింది, గుక్క తిప్పుకోకుండా కూత పెట్టేవాడైతేనో అని. అలా దొరికాడు పేర్రాజు. ట్రే చేతిలోకి తీసుకుని, రొమ్ము నిండా పీల్చి, "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అంటూ లోపలికి పోతాడు. గుమ్మం దాటగానే ఆ కూత సాగిపోయి, దూరంగా వెళ్ళే గూడ్సు బండి చప్పుడులా వినబడుతుంది. నలభై సెకన్లకి మళ్ళీ మామూలు కూతతో బయటికొస్తాడు.

వచ్చినవాడు వెళ్ళినవాడంత సరిగ్గా ఉండడు. అదే ఆ గదితో వచ్చిన చిక్కు. లోపలికెళ్ళొచ్చిన ప్రాణికి బయటి లోకం ఆ తరవాత రవ్వంత ఆలస్యంగా అందుతుంది. చూపూ వినికిడీ స్పర్శా అన్నీ ఆలస్యమే. దాన్ని వాళ్ళు వెనకబాటు అంటారు. రవ్వంత అంటే ఎంత? మొదటి గదిలో ఒకసారికి సెకనులో పదిలక్షలో వంతులు నాలుగో అయిదో. వచ్చినది మళ్ళీ పోదు. గుమ్మం పక్కనున్న మీటరు మీద వేలు పెడితే, వెళ్ళేటప్పటికీ వచ్చేటప్పటికీ ఎంత తేడా వచ్చిందో అదొక్కటే చూపిస్తుంది. వాటన్నిటినీ కూడి మొత్తం రాయడం సువర్చల ఉద్యోగం.

ఆ మొత్తం ఒక సెకను దాటకూడదు. ఎందుకు దాటకూడదో ఆ మిల్లులో అందరికీ తెలుసు. మొదట్లో ఎలకలతో చేసి చూశారు. సెకను దాటిన ఎలకలో వెనకబాటు గదిలోకి వెళ్ళకపోయినా దానంతటదే పెరగడం మొదలైంది. రెండో రోజుకి గంటైంది, నాలుగో రోజుకి రోజైంది. ముక్కు ముందు గింజలు పోసినా చూడలేదు. వాటికింకా మొన్నటి ఖాళీ గిన్నే కనిపిస్తోంది. చచ్చిపోలేదు పాపం, బతికే ఉన్నాయి, మన రోజులో లేవంతే. ఆ బోను సువర్చల ఒక్కసారే చూసింది. మళ్ళీ ఆ వేపు వెళ్ళలేదు.

అయితే పేర్రాజుకి ఆ భయమేమీ లేదని ఆమె ధీమా. రిజిస్టరు తన చేతిలోనే ఉంది కదా. ఆ రిజిస్టరు రాయడానికో పద్ధతుంది. మీటరు 4.1×10⁻⁶ అని చూపిస్తే, ముందున్న 4.1ని చయనులు తల అంటాడు, పది మీద ఎక్కి కూచున్న మైనస్ ఆరుని తోక అంటాడు. "తోక ఎప్పుడూ అదేగా, మాటిమాటికీ ఎందుకమ్మాయ్? తల చెప్తాను, రాసుకో" అని పదకొండేళ్ళ కిందట మొదటి రోజునే అన్నాడు. రిజిస్టరు పేజీలన్నిటి మీదా "×10⁻⁶ సెకన్లు" అని అచ్చేయించాడు. అప్పట్నుంచీ పేర్రాజు బయటికి రావడం, చయనులు "నాలుగు పాయింటొకటీ!" అని కేకెయ్యడం, సువర్చల రాయడం. ఆమె అయిదింటికి ఇంటికెళ్ళాక జరిగినవి చయనులు చీటీ మీద, టైము లేకుండా తల ఒక్కటే రాసుంచితే, మర్నాడు పొద్దున్న ఎక్కించేది. పదకొండేళ్ళలో మొత్తం అయిదు వేల ఏడువందలు కూడా కాలేదు. అంటే సెకనులో వెయ్యో వంతులు ఆరు లేవు. పింఛను పుచ్చుకునేదాకా తిరిగినా ఏం కాదు.

ఆ బుధవారం సాయంత్రం కృత్తిక లెక్కల పుస్తకం ముందేసుకుని కూచుంది. 5.2×10⁻³, 2.4×10⁻⁵ కూడమని ఇచ్చారు. పిల్ల చకచకా 7.6×10⁻³ అని రాసేసి పుస్తకం మూయబోయింది.

"ఆగాగు. తోకలు వేరైతే తలలెలా కలిపేశావే? బిందెడు నీళ్ళూ చెంచాడు నీళ్ళూ కలిపి రెండు బిందెలంటావా?" అంది సువర్చల.

"మరెలా?"

"ముందు తోకలు సమానం చెయ్యి. అయిదు పాయింటు రెండు, పది మీద మైనస్ మూడుంది చూశావా, దాన్ని మైనస్ అయిదుకి దింపితే అయిదువందల ఇరవయ్యవుతుంది. దానికి రెండు పాయింటు నాలుగు కలుపు. అయిదువందల ఇరవై రెండు పాయింటు నాలుగు. ఇప్పుడు మళ్ళీ పైకెత్తు."

"5.224×10⁻³" అని రాసి, "నాన్నా, నీకు తెలుసా ఇది?" అని తండ్రి వేపు తిరిగింది కృత్తిక.

పేర్రాజు గోడవేపు చూస్తూ కూచున్నాడు. పిల్ల ప్రశ్న ముగిసింది. గోడ గడియారం ఒకసారి టిక్కుమంది. అప్పుడు తల తిప్పి, "నాకేం తెల్సమ్మా! మీ అమ్మ లెక్క తప్పదు. అదొక్కటీ తెల్సు" అన్నాడు.

ఆ మాటకి సంతోషించాల్సిన సువర్చల, మధ్యలో గడియారం టిక్కుమన్న సంగతే మనసులో పెట్టుకుంది. కూతురితో మాట్లాడ్డానికి కూడా ఆలోచించుకోవాలా? ఆ పూట ఆలస్యంగా ఎందుకొచ్చారని ఇందాకే అడిగితే, "మిల్లులో పనుంది, అయిదూ నలభైదాకా గది దగ్గరే ఉన్నాను" అన్నాడు. అదీ ఖాళీ తరవాతే చెప్పాడు.

రేపు చూద్దాం, అనుకుంది. పదహారేళ్ళలో మొదటిసారి ఆమె మొగుడి టికెట్టు తనిఖీ చేద్దామనుకుంది.

దారి ఉంది. మీటరు ప్రతి కొలతనీ సన్నటి కాగితం చుట్ట మీద తారీఖుతో, టైముతో అచ్చేస్తుంది. ఏ రోజు చుట్ట ఆ రోజు చింపి, చయనులు ప్రతి కొలత కిందా ఆకుపచ్చ సిరాతో సంతకం గిలికి బిస్కెట్ల డబ్బాలో పడేస్తాడు. ఆ డబ్బా మూత ఎవరూ తీసిన పాపాన పోలేదు. లెక్కంతా రిజిస్టర్లో ఉంటే చుట్టలతో ఎవరికేం పని?

గురువారం పదిన్నరకి సువర్చల రికార్డు గదిలో గొళ్ళెం పెట్టుకుని డబ్బా మూత తీసింది. నిన్నటి చుట్ట పైనే ఉంది. 5.38 సాయంత్రం. నిజమే, గది దగ్గరే ఉన్నాడు. మొన్నటిది చూసింది, అదీ నిజమే. అటు మొన్నటిదీ నిజమే. చెప్పిన టైములన్నీ సరిపోయాయి. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి ఆమెకి ఒళ్ళు మండింది. అబద్ధం దొరక్కపోతే ఇన్నాళ్ళ కోపాన్ని ఎక్కడ దించుకోవాలి? చుట్ట మళ్ళీ చుడుతుంటే అప్పుడు కనపడింది.

నిన్నటిది, 5.38. రెండో గది. 3.1×10⁻².

చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని చదివింది. మైనస్ ఆరు కాదు. మైనస్ రెండు. కింద ఆకుపచ్చ సంతకం ఉంది.

మిగతా చుట్టలన్నీ నేల మీద పరిచింది. మొదటి గదివన్నీ మైనస్ ఆరు. శ్రావణం నుంచి రెండో గదివి ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటీ మైనస్ రెండు. మీటరు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. చయనులు తల మాత్రమే కేకేశాడు. తను తల మాత్రమే రాసింది. బిందెల్నీ చెంచాల్నీ ఒకే వరసలో కూడేసింది. నిన్న కూతుర్ని కసిరింది ఎవరు? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మొగుడి తప్పు కోసం మూడు వారాలు వీధులు తిరిగింది. తప్పు తన దస్తూరీలో, తన బల్ల మీద, అట్ట వేసి మరీ ఉంది.

రిజిస్టరు వెనక పేజీలో కూడింది. ముందు తోకలు సమానం చెయ్యాలి. మొదటి గది పదకొండేళ్ళ మొత్తం 5,600×10⁻⁶. అంటే 0.056×10⁻¹. రెండో గది తలల మొత్తం 96.1. దానికి తోక మైనస్ రెండు. అంటే 9.61×10⁻¹. పదకొండేళ్ళ రాకపోకలూ చెంచాడు, మూడు నెలలవి బిందెడు. రెండూ కలిపితే 9.666×10⁻¹. పది అయితే సెకను.

నవ్వు ఎందుకు వెనకబడిందో అప్పుడు తెలిసింది ఆమెకి. బండి ఎందుకు మూల పడిందో, మైదానం ఎందుకు మానేశాడో వరసగా తెలిసొచ్చాయి. 

సరిగ్గా అప్పుడే మిల్లు గంట మోగింది. గుండె వచ్చినప్పుడు మోగే గంట అది.

గొళ్ళెం తీసి పరిగెత్తింది. వరండా దాటి, పాత ధాన్యం గాదెలు దాటి లోపలికెళ్ళేసరికి రెండో గది మీద ఎర్రదీపం వెలుగుతోంది. లోపల్నుంచి సాగదీసిన కూత వినిపిస్తోంది. మీటరు దగ్గర చయనులు జుబ్బా చేతులు మడిచి నిలబడ్డాడు.

"కాకినాడ నుంచమ్మాయ్. విశాఖపట్నంలో ఎవరో పందొమ్మిదేళ్ళ పిల్లకిట. తీసుకెళ్ళే బండి గంటలో వస్తుంది" అన్నాడు ఉషారుగా.

సువర్చలకి గుక్క తిరగలేదు. తలుపు తెరుచుకుంది. పేర్రాజు ఖాళీ చేతుల్తో బయటికొచ్చి, ఊపిరి వదిలి, అలవాటుగా మీటరు మీద వేలు పెట్టాడు.

"మూడు పాయింటొకటీ!" అని కేకేశాడు చయనులు.

"తోక చెప్పండి మేష్టారూ!"

ఆయన తెల్లబోయాడు. "ఏంటీ?"

"తోక! తోక చదవండి!"

చయనులు కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని మీటరు మీదకి వంగాడు.  "మైనస్... రెండు" అన్నాడు. పక్కనున్న కుర్చీని చేత్తో వెతుక్కుని కూలబడ్డాడు.

సువర్చల రిజిస్టరు ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ముందే 0.31 కలిపింది. 9.976×10⁻¹. "ఇంక మిగిలింది ఎంతో చూశారా? సెకనులో వెయ్యో వంతులు రెండున్నర కూడా లేవు. ఈ గదిలో మరొక్క అడుగు పెడితే మా ఆయన ఆ బోనులో ఎలకే. మీకు తెలుసా ఈ సంగతి?"

"తెలీదమ్మా! నీమీదొట్టు, తెలీదు!" అన్నాడు చయనులు. అడిగిన మరుక్షణం, తడుముకోకుండా.

టికెట్టున్నవాడిలాగే చెప్పాడు. అయినా సువర్చలకి నమ్మబుద్ధి కాలేదు. ముప్ఫై ఒక్క సంతకాలు పెట్టినవాడు ముప్ఫై ఒక్కసార్లూ చూడకుండానే పెట్టాడా? పోనీ, ముప్ఫై ఒక్కసార్లు రాసిన తను చూసిందా? ఆ రెండో ప్రశ్న మొదటిదాని గొంతు నొక్కేసింది.

పేర్రాజు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. మాటలు ఇప్పుడిప్పుడే అందుతున్నాయి కాబోలు. చివరికి, "అయితే లోపలున్నదాన్నెవరు తీత్తారు?" అన్నాడు.

 గంటలో బండి వస్తుంది. గుండె లోపలుంది. ఏనుగు వెళ్ళి తోక చిక్కిందంటే ఇదే.

"నేనెల్తాను. ఒక్కసారే కదా" అన్నాడు పేర్రాజు.

"నోరు ముయ్యండి" అంది సువర్చల. పెళ్ళైన పదహారేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. "మేష్టారూ, తియ్యడానికి ఎంతసేపు?"

"పాతిక సెకన్లు. కానీ అమ్మాయ్, నీకు కూత..."

"ఈయన ఇంట్లో పిల్లతో పందెం వేసినప్పుడల్లా మధ్యలో నేనూ పెట్టేదాన్ని. ముప్ఫైదాకా ఆగేదాన్ని."

కొంగు నడుంలో దోపుకుని, మీటరు మీద ఒకసారి వేలు పెట్టి, రొమ్ము నిండా గాలి పీల్చుకుంది. పేర్రాజు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆ చెయ్యి లేచేసరికి ఆమె గుమ్మం దాటేసింది.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు..." లోపల తన గొంతు తనకి మామూలుగానే వినబడింది. చుట్టూ గాలి మాత్రం పెరుగులా చిక్కగా తగిలింది. అరల మధ్య తెల్లటి పెట్టె ఉంది. ఎత్తితే ఎంతో లేదు, రెండు కేజీల బియ్యమంత. ఒక పిల్ల బతుకు ఇంతేనా బరువు అనుకోబోయి, అనుకుంటూ నిలబడితే ఊపిరి చాలదని వెనక్కి తిరిగింది. గుమ్మంలోంచి పేర్రాజు మొహం కనపడింది. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. అరుపు ఇక్కడికి రావడం లేదు. ఇన్నాళ్ళూ ఈయన ఇక్కణ్ణుంచి చూసింది ఇదే కాబోలు అనుకుంది. కూత చివరికొస్తుంటే కళ్ళ ముందు నల్లచుక్కలు తిరిగాయి. అయినా పెట్టె వదల్లేదు.

బయటపడి పెట్టె అందించి, మోకాళ్ళ మీద కూలి, పాక్కుంటూ వెళ్ళి మీటరు మీద వేలు పెట్టింది. చయనులు చదివాడు. ఈసారి తల, తోక, రెండూ చదివాడు. "మూడు పాయింటొకటి, పది మీద మైనస్ రెండు." సువర్చల నేల మీద కూచునే రిజిస్టర్లో కొత్త పేజీ తీసింది. పైన అచ్చులో ఉన్న తోకని కొట్టేసి, తన పేరు రాసి, అంకెని తోకతో సహా రాసుకుంది. విశాఖపట్నం బండి వచ్చి పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

రెండో గదికి ఆ రోజే తాళం పడింది. తాళంచెవి సువర్చల తీసుకుంది. చయనులు ఇవ్వకముందే ఆయన బల్ల మీంచి తీసేసుకుంది.

సాయంత్రం మొగుడూ పెళ్ళాలు కాలవగట్టు మీద నడిచారు. పొద్దు వాలుతోంది. గేదెలు కొన్ని ఒడ్డెక్కి అడ్డంగా నిలబడ్డాయి.

"రోజూ ఇటెందుకొస్తున్నారు?" అనడిగింది సువర్చల. అడిగి, ఆగింది. ఆగడం అలవాటు చేసుకోవాలి.

"రోడ్డు మీద లారీలు మీదకొచ్చేదాకా కనపట్టంలేదే" అన్నాడు పేర్రాజు. "ఒకపాలి సచ్చిబతికాను. ఇక్కడైతే గేదెలే. అయ్యీ నాలాగే నిదానం."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

ఈ ఖాళీ కాస్త పెద్దదిగా అనిపించింది ఆమెకి. నిజంగా పెద్దదో కాదో తేల్చుకోలేకపోయింది.

"చెబుదావనే అనుకున్నాను. మైదానంలో కుర్రోళ్ళు నన్ను తాకినట్టు, తాకేశాక తెల్తంది. అప్పుడే రిజిస్టరు తీసి చూశాను. నీ చేత్తో రాసుంది, అయిదు వేల ఏడొందలు కూడా లేవని. నువ్వు లెక్క తప్పవు కదా! అందుకని గదిది కాదు, నా ఒంటిదే తప్పనుకున్నాను. వయసైపోతంది, నువ్వు బెంగెట్టుకుంటావని ఊరుకున్నాను."

సువర్చల నడవడం ఆపేసింది. సిగ్గుతో ముందు మొహం మండింది, తరవాత ఏడుపొచ్చింది. ఆయన తన కళ్ళనీ చెవుల్నీ కాదని ఆమె రాతని నమ్మాడు. ఆమె ఆయన మాట నమ్మక బిస్కెట్ల డబ్బా తెరిచింది. తెరవబట్టే ఆయన ఇవాళ ఈ గట్టు మీదున్నాడన్నది కూడా నిజమే, కానీ అది ఆమెకి ఏ మాత్రం ఊరటనివ్వలేదు.

"నా మీద కోపంగా ఉందా?" అంది.

ఆ మాట ఇంకా ఆయన్ని చేరలేదు. మొహంలో ఇందాకటి ప్రశాంతతే ఉంది, నీళ్ళ మీద చూపు. ఆమె చూస్తూనే ఉంది. మాట చేరింది. కళ్ళు కదిలాయి.

"లేదే" అన్నాడు పేర్రాజు.

నిజమా? ఇకమీదట ఆమెకి ఎప్పటికీ తెలియదు. నిజం చెప్పినా అంతే ఆలస్యం, అబద్ధం చెప్పినా అంతే ఆలస్యం. నాన్న ఇచ్చిన సూత్రం ఈ ఒక్క మనిషి దగ్గర పనికిరాకుండా పోయింది. మళ్ళీ అడుగుదామని నోరు తెరిచి, మూసుకుంది. చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకుంది.

పట్టుకున్నట్టు అతనికి తెలియడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనంతా ఆమె ఒక్కతే పట్టుకుని ఉంది. తరవాత అతని వేళ్ళు బిగుసుకున్నాయి.